పెట్టె పారేశాం, పేరు మిగిలింది

పాత పేపర్ల బండి మీదికి చేరే అట్టపెట్టెలను ఓసారి పరికించి చూడండి. లోపలి మిక్సీయో, చెప్పుల జతో, పిల్లల హెల్మెట్టో ఇంట్లోకి వెళ్లిపోయి ఉంటుంది. పెట్టె మీది తెల్ల చీటీ మాత్రం చెక్కుచెదరదు. కొన్నవారి పేరు, ఫ్లాటు నంబరు, వీధి, పిన్‌కోడ్, తరచు సెల్ నంబరు కూడా దాని మీద ఉంటాయి. కొన్ని పెట్టెలకు బిల్లును కూడా బయటే అతికిస్తారు కాబట్టి ఏం కొన్నారో, ఎంతకు కొన్నారో తెలిసిపోతుంది. ముక్కూమొహం తెలియని వ్యక్తి వీధిలో ఆపి ఇవే వివరాలడిగితే ఎవరూ చెప్పరు. పాత పేపర్లవాడికి మాత్రం కిలోల లెక్కన ఇచ్చేస్తున్నాం, పైగా అతనిచ్చే పది రూపాయలూ పుచ్చుకుని.

అయినా ఆ చీటీ సంగతి చిన్నది. గోటితో గీకి చింపేయొచ్చు. గోటికి అందని చీటీ మరొకటి అమ్మిన సంస్థ కంప్యూటర్లలో ఉంటుంది. ఏ తేదీన ఏం కొన్నాం, ఏది చూసి వదిలేశాం, ఏది వాపసు చేశాం, ఎవరి పుట్టినరోజుకు ఏ ఊరికి కానుక పంపాం, అర్ధరాత్రి ఒంటిగంటకు ఏ మందు కోసం వెతికాం అన్నవన్నీ అందులో నమోదవుతాయి. కొన్న వస్తువు పాడైపోయి మూలపడ్డా ఆ పద్దు మాత్రం పదిలంగానే ఉంటుంది.

విచిత్రమేమిటంటే, మనలో చాలామంది ఆన్‌లైన్ దుకాణాల వైపు మళ్లడానికి ఒక కారణం గోప్యతే. చిన్న పట్టణంలో మందుల షాపు యజమాని వట్టి వ్యాపారి కాదు. మేనమామ స్నేహితుడో, నాన్నగారి పాత విద్యార్థో అయి ఉంటాడు. శానిటరీ ప్యాడ్ల పాకెట్‌ను పాత పేపరులో చుట్టి నల్ల కవరులో పెట్టి ఇవ్వడం ఇప్పటికీ చాలాచోట్ల ఉన్న ఆచారం. (ఆ నల్ల కవరు చూడగానే లోపల ఏముందో వీధి వీధంతటికీ తెలిసిపోతుందన్నది వేరే సంగతి.) గర్భ నిర్ధారణ కిట్ కావలసిన పెళ్లికాని అమ్మాయి, మానసిక వ్యాకులతపై పుస్తకం వెతుక్కుంటున్న లెక్చరరు, మగ సేల్స్‌మన్ ముందు లోదుస్తుల కొలత చెప్పలేక ఇబ్బందిపడే గృహిణి, వీరందరికీ ఫోను తెర నిజంగానే ఒక తెరచాటు అయింది. ఆ వెసులుబాటును తక్కువచేసి చూడనక్కర్లేదు. పండగ రాయితీల గురించి ఎంత ప్రచారం జరిగినా, ఆన్‌లైన్ వ్యాపారం ఈ దేశంలో అమ్మిన అతి విలువైన సరుకు ఆ చాటేనని నా అభిప్రాయం.

అయితే కౌంటరు వెనక ఉన్న మనిషికి మరపు అనేది ఉండేది. నగదిచ్చి కొన్న వస్తువుకు పేరుండేది కాదు. కిరాణా కొట్టు అరువు ఖాతాలో సైతం బాకీ తీరగానే అడ్డగీత పడేది. ఆన్‌లైన్ దుకాణం ఖాతాలో ఆ గీత గీసే ఏర్పాటు లేదు. బేరం అయిపోయాక కూడా అమ్మినవాడి దగ్గర మన గురించి ఎంత మిగలాలి? ఈ దేశంలో ఏటేటా పెరుగుతున్న ఆన్‌లైన్ వ్యాపారం ఇంతవరకూ సరిగా జవాబు చెప్పని ప్రశ్న ఇదే.

దూరం నుంచి సరుకు తెప్పించుకోవడం మనకు కొత్తేమీ కాదు. బెజవాడ ప్రచురణ సంస్థల నుంచి వీపీపీలో పుస్తకాలు తెప్పించుకున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. పోస్ట్‌మన్‌కు డబ్బు కట్టి పార్సిల్ అందుకునే ఆ పద్ధతే నేటి క్యాష్ ఆన్ డెలివరీకి తాత. ఫ్లిప్‌కార్ట్ 2007లో మొదలైనప్పుడు దానికి తొలి ఆర్డరు వచ్చింది మహబూబ్‌నగర్ నుంచే. అదీ ఒక పుస్తకానికే. వస్తువు చేతికి అందాక డబ్బు కట్టే సౌకర్యాన్ని 2010లో ఆ సంస్థ ప్రవేశపెట్టడంతో, కార్డు లేనివారూ, ఉన్నా దాని నంబరు ఇవ్వడానికి జంకేవారూ ధైర్యంగా ముందుకొచ్చారు. డబ్బు విషయంలో అంత జాగ్రత్తపడ్డ వినియోగదారుడు పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వడానికి మాత్రం రెండోసారి ఆలోచించలేదు.

ఫోను నంబరు ఎందుకు అవసరమైందో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఆంజనేయస్వామి గుడి వెనక సందు, నీళ్ల ట్యాంకు ఎదురుగా, పచ్చ గేటు అన్నది మన దేశంలో సంపూర్ణమైన చిరునామా. ఆ గేటుకు యజమాని నీలం రంగు వేయిస్తే డెలివరీ కుర్రాడు ఫోను చేయక ఏంచేస్తాడు? ఇబ్బందల్లా పార్సిల్ అందాక కూడా ఆ నంబరు అతని ఫోనులో మిగిలిపోవడంతోనే. సరుకు ఇచ్చి వెళ్లాక మహిళలకు సందేశాలు పంపి వేధించిన ఉదంతాలు పోలీసు స్టేషన్ల దాకా వెళ్లాయి. దీనికి విరుగుడు ఎవరికీ తెలియనిది కాదు. క్యాబ్ సంస్థలు, ఆహారం అందించే సంస్థలు మధ్యలో మరో నంబరు పెట్టి, ఇరువైపులా అసలు నంబర్లు కనిపించకుండా మాట్లాడించే పద్ధతిని ఏళ్లుగా వాడుతున్నాయి. పని ముగియగానే ఆ దారి మూసుకుపోతుంది. అది ఆ కుర్రాడికి కూడా రక్షణే. పొద్దస్తమానం ఎక్కడున్నాడో యాప్ కనిపెట్టుకుని ఉండే అతని గోప్యత గురించి అడిగే నాథుడే లేడు. ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలమ్మే చిన్న వ్యాపారులు, స్థానిక కొరియర్లు మాత్రం చాలావరకు అసలు నంబరునే చీటీ మీద వేస్తున్నారు.

పోగేసిన సమాచారం పోగేసినవారి దగ్గరే ఉంటుందన్న భరోసా కూడా లేదు. తమ వినియోగదారుల వివరాలు అమ్మకానికి ఉన్నాయన్న వార్త 2020 నవంబరులో బిగ్‌బాస్కెట్‌ను కుదిపేసింది. దాదాపు 2 కోట్ల మంది పేర్లు, ఈమెయిళ్లు, ఫోను నంబర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు డార్క్ వెబ్‌లో ఉన్నాయని సైబల్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. కార్డు వివరాలు తాము దాచుకోమని కంపెనీ వివరణ ఇచ్చింది, బెంగళూరు సైబర్ నేర విభాగానికి ఫిర్యాదు కూడా చేసింది.

ఆ మరుసటి ఏడాది డొమినోస్ పిజ్జా వంతు వచ్చింది. 18 కోట్ల ఆర్డర్ల వివరాలు తమ చేతికి చిక్కాయని హ్యాకర్లు ప్రకటించారు. అంతటితో ఊరుకోకుండా, 2021 మేలో ఎవరైనా వెతుక్కోవడానికి వీలుగా డార్క్ వెబ్‌లో ఒక పేజీని తయారుచేసి పెట్టారు. అక్కడ ఒక ఫోను నంబరు కొడితే చాలు, ఆ నంబరు మీద ఇచ్చిన ఆర్డర్లు ఏయే చిరునామాలకు వెళ్లాయో ప్రత్యక్షమయ్యేవి. దేశంలో ఆ దుకాణాలను నడిపే జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ ఇచ్చిన వివరణ కూడా, ఆర్థిక సమాచారమేదీ బయటికి పోలేదనే.

ఇలాంటి సందర్భాల్లో కంపెనీల నోట వచ్చే మొదటి మాట ఎప్పుడూ ఇదే. మనం కూడా హమ్మయ్య అనుకుని పేజీ తిప్పేస్తాం. కార్డు నంబరు పోతే బ్యాంకుకు ఫోను చేసి కొత్తది తెప్పించుకోవచ్చు. పుట్టిన తేదీని ఎవరు మార్చుకోగలరు? భర్త కొట్టే దెబ్బలు భరించలేక వేరే ఊళ్లో స్నేహితురాలి ఇంట్లో తలదాచుకున్న మహిళ పాత నంబరుతోనే ఒక రాత్రి పిజ్జా తెప్పించుకుందనుకోండి. ఆమె ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆ పేజీ సరిపోతుంది. మతాంతర వివాహం చేసుకుని దూరంగా బతుకుతున్న జంటకైనా, విలేకరికి రహస్య సమాచారం అందించిన ఉద్యోగికైనా ఇదే ప్రమాదం. వీరు పోగొట్టుకునేది రూపాయల్లో లెక్కకు రాదు కాబట్టి కంపెనీ ప్రకటనల్లో వీరి ప్రస్తావన ఉండదు.

మోసగాళ్ల లెక్క వేరే. గతవారం మీరు కొన్న కుక్కర్ పేరు, ఆర్డరు తేదీ చెప్పి మాట్లాడే అపరిచితుడిని నమ్మకుండా ఉండటం కష్టం. లక్కీ డ్రాలో కారొచ్చిందని, చిరునామా సరిగా లేదని, రిఫండ్ పంపాలంటే ఈ లింకు నొక్కమని వచ్చే ఫోన్లన్నిటికీ పెట్టుబడి ఆ రెండు ముక్కల నిజమే. ఫోను చేసినవాడికి తమ గురించి అంత తెలిసినప్పుడు చదువుకున్నవారు కూడా బోల్తా పడుతున్నారు. వారిని అత్యాశపరులని తీసిపారేయడం అన్యాయం.

ఇక చట్టం సంగతి. ఒకరి చేతికిచ్చిన సమాచారం మీద మనకు హక్కు మిగులుతుందా అన్న ప్రశ్నకు మన దేశంలో జవాబు దొరికింది హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే. స్టాంపు చట్టంలోని 73వ సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ 1986లో సవరించింది. కలెక్టరు అధికారమిచ్చిన వ్యక్తి ఎవరైనా బ్యాంకుల్లాంటి చోట్ల ఉన్న ప్రైవేటు పత్రాలను సైతం తనిఖీ చేయవచ్చని అందులో చేర్చారు. కెనరా బ్యాంకు తదితరులు దాన్ని సవాలు చేశారు. హైకోర్టులో ఓడిన ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి అక్కడా ఓడింది. పత్రాన్ని బ్యాంకుకు ఇచ్చినంత మాత్రాన ఖాతాదారుడు దాని గోప్యతను వదులుకున్నట్టు కాదని, గోప్యత స్థలాలకు కాక మనుషులకు సంబంధించిన విషయమని 2004లో వచ్చిన ఆ తీర్పు సారాంశం. సమాచారాన్ని బ్యాంకుకిచ్చాక ఖాతాదారుకు రాజ్యాంగ రక్షణ ఉండదని అమెరికా సుప్రీంకోర్టు 1976లో చెప్పిన మాటను మన న్యాయమూర్తులు అంగీకరించలేదు. బ్యాంకు అన్నచోట ఆన్‌లైన్ దుకాణం అని పెట్టి చదువుకుంటే, ఈనాటి వ్యవహారానికి కావలసిన సూత్రం అందులోనే దొరుకుతుంది.

రాజనీతి శాస్త్రం తరగతుల్లో గోప్యత అంటే ప్రభుత్వం నుంచి పౌరుడికి ఉండాల్సిన రక్షణ అనే చదువుకున్నాం. ఒక దుకాణానికి మన గురించి ప్రభుత్వం కంటే ఎక్కువ తెలిసే రోజు వస్తుందని ఆ పాఠ్యపుస్తకాలు ఊహించలేదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చింది. ఆ తర్వాత డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం రావడానికి ఆరేళ్లు పట్టింది. 2023 ఆగస్టులో చట్టమైతే, నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. కంపెనీలపై అసలు బాధ్యతలు మోపే సెక్షన్లకు మరో 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. తీర్పుకూ అమలుకూ మధ్య దాదాపు పదేళ్లు. ఈలోగా పిజ్జాలు, మందులు, చీరలు ఎన్ని కోట్ల ఇళ్లకు చేరి ఉంటాయో ఎవరికివారు ఊహించుకోవచ్చు.

చట్టంలో మంచి లేకపోలేదు. చెప్పిన పనికి అవసరమైన సమాచారానికి మాత్రమే సమ్మతి వర్తిస్తుందని 6వ సెక్షన్ అంటోంది. ఫోనులోనే వైద్యం అందించే యాప్ మన ఫోన్‌బుక్ కూడా కావాలని అడిగి, మనం సరేనన్నా ఆ సరే చెల్లదని చట్టమే ఉదాహరణ ఇచ్చింది. ఇది గొప్ప నియమం. అయితే ఏది అవసరమో మొదట తేల్చేది అమ్మేవాడే. లుంగీ కొనడానికి పుట్టిన తేదీ ఎందుకంటే, పుట్టినరోజున కూపన్ పంపడానికట.

నిబంధనల్లోకి వెళితే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. 2 కోట్లు, ఆపైన నమోదిత వినియోగదారులున్న ఆన్‌లైన్ వాణిజ్య సంస్థలు, మనం ఆ వైపు వెళ్లడం మానేసిన మూడేళ్లకు మన డేటాను తుడిచేయాలి. మూడేళ్లు! మందుల షాపు కుర్రాడు మూడు రోజుల్లో మరచిపోయేవాడు. అంతకంటే ఆశ్చర్యం కలిగించేది మరో నిబంధన. వ్యక్తిగత డేటాను, దాని లాగ్‌లను కనీసం ఏడాదిపాటు దాచి ఉంచాలని అది కంపెనీలను ఆదేశిస్తోంది. ప్రభుత్వం అడిగినప్పుడు ఇవ్వడానికన్నమాట. మరచిపొమ్మని చెప్పాల్సిన చట్టమే గుర్తుపెట్టుకోమంటోంది. 2004 తీర్పులో కలెక్టరు ప్రతినిధికి సుప్రీంకోర్టు మూసిన తలుపు ఇక్కడ మరో రూపంలో ఓరగా తెరిచి ఉందనిపిస్తే తప్పులేదు.

డేటాను కాపాడలేకపోయిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అన్న వార్త పతాక శీర్షికలకెక్కింది. ఆ సొమ్ము ఎవరికి చేరుతుందన్నది శీర్షికల్లో రాలేదు. అది భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు వెళుతుంది. వివరాలు పోగొట్టుకున్న వ్యక్తికి ఈ చట్టం కింద నష్టపరిహారం లేదు. ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్ కింద, సమాచారాన్ని కాపాడటంలో నిర్లక్ష్యం చూపిన సంస్థ నుంచి పరిహారం కోరే వీలుంది. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి రాగానే ఆ సెక్షన్ రద్దవుతుంది. మరోవైపు, తప్పుడు లేదా పనికిమాలిన ఫిర్యాదు చేసిన పౌరుడికి 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. నష్టపోయినవాడికి దక్కేది సున్నా, నోరు తెరిస్తే పదివేల బెదిరింపు. ఎవరి రక్షణ కోసం చేసిన చట్టమో శాసనకర్తలే చెప్పాలి.

ఇందుకు వ్యాపారులు చెప్పే సమాధానంలో కొంత నిజముంది. పేరూ ఊరూ లేని ఆర్డర్లు తీసుకుంటే సరుకు వెనక్కి వస్తుంది, రవాణా ఖర్చు మీద పడుతుంది. వాడేసిన బట్టల్ని వాపసు పంపే ఘనులూ ఉన్నారు. మందుల చీటీ లేకుండా కొన్ని మందులు అమ్మకూడదు. కాబట్టి పూర్తి అనామకత్వం సాధ్యం కాకపోవచ్చు. కానీ ఒకరికి తెలియాల్సింది అందరికీ తెలియాల్సిన అవసరమేముంది? కొరియర్‌కు ఇల్లు తెలిస్తే చాలు, లోపల ఏముందో అక్కర్లేదు. అమ్మిన వ్యాపారికి డబ్బు అందిందని తెలిస్తే చాలు, ఇల్లు అక్కర్లేదు. బ్యాంకుకు మొత్తం తెలిస్తే చాలు, వస్తువు అక్కర్లేదు.

ఇది ఆచరణలో కుదరదనేవారు కార్డుల విషయంలో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. చెల్లింపుల సేవలందించే జస్‌పే సంస్థ నుంచి 2020 ఆగస్టులో కోట్లాది వినియోగదారుల డేటా చోరీ అయింది. ఆ సంగతి లోకానికి తెలిసింది 2021 జనవరిలో. అప్పటికే రిజర్వు బ్యాంకు దుకాణాల దగ్గర కార్డు నంబర్లు ఉండకూడదన్న పట్టుదలతో ఉంది. నంబరుకు బదులు ఆ ఒక్క దుకాణంలోనే చెల్లే టోకెన్ ఉండాలంది. వ్యాపారం దెబ్బతింటుందని పరిశ్రమ గగ్గోలు పెట్టింది. గడువు పలుమార్లు పొడిగించి, చివరికి 2022 అక్టోబరు 1 నుంచి అమలు చేశారు. ఆ దసరాకూ దీపావళికీ ఆన్‌లైన్ అమ్మకాలు ఆగిపోలేదు. దొంగ చేతికి ఆ టోకెన్ చిక్కినా మరో దుకాణంలో అది పనికిరాదు. తాళాల నాణ్యత గురించి ఉపన్యాసాలివ్వడం కంటే, ఇంట్లో సొమ్ము ఉంచకపోవడం మేలని రిజర్వు బ్యాంకు గ్రహించింది.

చిరునామాకూ, ఫోను నంబరుకూ ఇదే సూత్రం ఎందుకు వర్తించకూడదు? తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్‌ను తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విభజించి, ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చే ఈ విధానాన్ని హైదరాబాద్ ఐఐటీ, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రాలతో కలిసి రూపొందించింది. పచ్చ గేటు కష్టాలు దీనితో తీరవచ్చు. అయితే డిజిపిన్ స్థలాన్ని మరింత కచ్చితంగా చూపుతుందే తప్ప దాచదు. పైన చెప్పిన మహిళకు అది మరింత ప్రమాదం. చీటీ మీద మామూలు కళ్లకు అర్థంకాని ఒక కోడ్ మాత్రమే ఉండి, కొరియర్ యంత్రం చదివితేనే ఇల్లు తెలిసి, సరుకు అందాక ఆ కోడ్ చెల్లకుండా పోతే అప్పుడు టోకెన్ అవుతుంది. దానికి కొత్తగా కనిపెట్టాల్సిన సాంకేతికత ఏమీ లేదు. ఆదేశించేవారు కావాలి.

అప్పటిదాకా కొంత మన చేతుల్లోనూ ఉంది. ఖాతా తెరవకుండా అతిథిగా కొనే వీలున్నచోట అలాగే కొనవచ్చు. కొనుగోళ్లకు వేరే ఈమెయిల్ పెట్టుకోవచ్చు. యూపీఐ ఐడీలో ఫోను నంబరు కనిపించకుండా మార్చుకునే సదుపాయం చాలా యాప్‌లలో ఉంది. పదేళ్లుగా పేరుకున్న పాత చిరునామాలను, పాత ఆఫీసువి, అత్తగారింటివి, తీసేయడానికి పది నిమిషాలు పట్టదు. ఇక మామూలు దుకాణంలో బిల్లు వేయడానికి సెల్ నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే వర్తకులకు చెప్పింది. అయినా కౌంటరు దగ్గర అడుగుతూనే ఉన్నారు. వద్దని చెప్పి చూడండి, వెనక వరుసలో నిలబడ్డవారు మనల్నే వింతగా చూస్తారు.

కొత్త చట్టంలో 11వ సెక్షన్ ఒకటుంది. దాని కింద, మన డేటాను ఏ యే సంస్థలతో పంచుకున్నారో పేర్లతో సహా చెప్పమని కంపెనీని అడగవచ్చు. ఫిర్యాదులకు 90 రోజుల లోపు జవాబిచ్చే ఏర్పాటు ఉండాలని నిబంధనలు అంటున్నాయి. ఆ సెక్షన్ అమల్లోకి వచ్చిన రోజున కనీసం కొన్ని వేల మంది, తాము ఎప్పుడో ఒకే ఒక్కసారి చెప్పులో చార్జరో కొన్న దుకాణానికి ఆ ఉత్తరం రాయాలి. నా ఫోను నంబరు ఎవరెవరికిచ్చారు, పేర్లు రాసి పంపండి అని.